మందు విషమైన రాత్రి

1839వ సంవత్సరంలో కలకత్తా నగరంలోని ఒక ఇంట నలభై రోజుల ఆడశిశువుకు ఈడ్పులు పట్టుకున్నాయి. మొదట స్వల్పంగా, ముఖ్యంగా రాత్రివేళల్లో వచ్చేవి. పక్షం దినాలు గడిచేసరికి ఉద్ధృతమైనాయి. విరేచనపు మందులు వాడారు. వేడినీటి స్నానాలు చేయించారు. తలకు జలగలు కూడా పట్టించారు. ఆనాటి వైద్యానికి తెలిసిన ఉపాయాలన్నీ ఒకటొకటిగా విఫలమైనాయి. చివరకు గంజాయి సారాన్ని సారాయిలో కరిగించి తయారుచేసిన ద్రావకాన్ని చుక్కల లెక్కన పోశారు. ఈడ్పులు అణగిపోయాయి. శిశువు బతికింది.

ఈ ఉదంతాన్ని నమోదు చేసిన వైద్యుడు విలియం బ్రూక్ ఓషానెస్సీ. ఐర్లండు దేశస్థుడు. 1835లో నెలకొన్న కలకత్తా వైద్య కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. ఆ శిశువు విషయంలో ఆయనను ఆశ్చర్యపరచిన సంగతి ఒకటుంది. తొలుత కొద్దిపాటి మోతాదుకే గాఢమైన మైకంలో మునిగిపోయిన ఆ పసికందుకు, దరిమిలా రోజుకు నూరుకు పైగా చుక్కలు అవసరమైనాయి. ఈడ్పును ఆపే మోతాదుకూ, స్పృహను హరించే మోతాదుకూ నడుమ ఉన్న గీత ఎంత సన్ననిదో, అది ఎంత సులభంగా జరిగిపోతుందో ఆ కొద్ది చుక్కలే ఆయనకు తెలియజెప్పాయి.

ఆనాటి నుంచి నేటివరకు మూర్ఛవ్యాధికి ఎన్నో మేలైన మందులు వచ్చాయి. 1912లో ఫినోబార్బిటాల్ గుణాన్ని జర్మనీలో గుర్తించారు. 1938లో అమెరికాలో ఫెనిటోయిన్ వెలుగుచూసింది. 1953లో స్విట్జర్లండులో కార్బమజెపైన్ తయారైంది. ఇక వాల్‌ప్రోయేట్ కథ మరీ చిత్రమైనది. 1882 నుంచీ రసాయనశాలల్లో ఉన్న ఆ ద్రవాన్ని, ఇతర పదార్థాలను కరిగించడానికి మాత్రమే వాడుతూ వచ్చారు. 1962 ప్రాంతంలో ఫ్రాన్సులో కొందరు పరిశోధకులు, తాము పరీక్షించిన ప్రతి పదార్థమూ ఈడ్పులను ఆపుతున్నదని గమనించి విస్తుపోయారు. తీరా చూస్తే పనిచేసింది కరిగిన పదార్థం కాదు, కరిగించిన ద్రవం!

ఈ మందుల పుణ్యమా అని లక్షలాది మంది చదువులు చదువుతున్నారు, ఉద్యోగాలు చేస్తున్నారు, సంసారాలు ఈదుతున్నారు. 2001 నుంచి అధికారికంగా కోల్‌కతాగా పిలువబడుతున్న ఆ నగరంలోనే 2003, 2008 సంవత్సరాల మధ్య 52 వేలకు పైగా జనాన్ని పరిశీలించిన వైద్యులు, ఏటా ప్రతి లక్ష మందిలో సుమారు 27 మందికి కొత్తగా మూర్ఛవ్యాధి సంక్రమిస్తున్నట్లు తేల్చారు. అంటే ఆ మాత్రల అట్టలు ఏ కొద్ది ఇళ్లలోనో ఉండేవి కావు. వీధి వీధినా, అల్మారాల్లో, దిండ్ల కింద, దేవుని గూటి పక్కన ఉంటాయి.

మందు మితిమీరడానికి దుఃఖమొక్కటే కారణం కానక్కరలేదు. మిఠాయి అనుకొని పసివాడు మింగవచ్చును. కార్బమజెపైన్ వాడుతున్న మనిషికి, ఆ సంగతి తెలియక, గొంతునొప్పికి ఎరిత్రోమైసిన్ రాసిస్తే చాలు. పాత మోతాదే రక్తంలో విషస్థాయికి పెరగవచ్చును. ఫెనిటోయిన్‌ను విరిచివేసే శక్తి కాలేయానికి ఒక హద్దు వరకే ఉన్నది. ఆ హద్దు చేరిన పిమ్మట మోతాదును కాస్త పెంచినా రక్తంలో మందు మట్టం అమాంతం లేస్తుంది. అయితే ఒక్కసారిగా గుప్పెడు మాత్రలు మింగిన మనిషి పరిస్థితే అన్నిటికంటే భయంకరమైనది.

ఒకే ఒక ప్రశ్న

కలకత్తాలోని ఏదో ఒక పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగంలో ఇటువంటి దృశ్యాన్ని ఊహించుకొనవచ్చును. అర్ధరాత్రి దాటింది. సుందరవనాల్లోని గోసాబా దీవి నుంచి ఒక యువకుణ్ణి తీసుకొని వచ్చారు. పడవలో ఏరు దాటి, రోడ్డు మీదుగా కానింగ్ చేరి, అక్కడి నుంచి నగరానికి వచ్చేసరికి గంటలు గడిచిపోయాయి. మనిషికి స్పృహ లేదు. శ్వాస మందగించింది. వెంట వచ్చిన అన్నగారు చేతులు నలుపుకుంటూ నిలబడ్డారు.

“ఏ మాత్రలు మింగాడు? ఎప్పుడు మింగాడు?” అని అడుగుతారు డాక్టరు.

“తెలియదు, డాక్టరుగారూ. ఫిట్స్ మందులు వాడతాడు. తెల్లగా ఉంటాయి.”

ఫిట్స్‌కు వాడే తెల్లని మాత్రలు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఏది అన్న దాని మీదనే ఇకముందు జరగవలసినదంతా ఆధారపడి ఉన్నది. కొన్నిటికి రక్తాన్ని వడగట్టే యంత్రం ప్రాణదాత. మరికొన్నిటికి దాని అవసరమే అరుదు. ఎందుచేతనో తెలియాలంటే ఆ యంత్రం చేసే పనిని కొంత వివరంగా చూడాలి.

రక్తంలోని లోటు, రక్తంలోని మిగులు

ఓషానెస్సీ కలకత్తా రాకమునుపే చేసిన మరొక పని ఇక్కడ స్మరించదగినది. 1831లో ఇంగ్లండులో కలరా చెలరేగినప్పుడు ఆయన రోగుల రక్తాన్ని పరీక్షించి, అందులో నీరూ లవణాలూ విశేషంగా తరిగిపోయాయని కనుగొన్నాడు. పోయినదాన్ని తిరిగి రక్తంలోనికే చేర్చాలని సూచించాడు. మరుసటి ఏడు థామస్ లాటా అనే వైద్యుడు స్కాట్లండులో ఆ మాటను ఆచరణలో పెట్టాడు. నేడు ప్రతి ఆసుపత్రిలోనూ వేలాడే సెలైను సీసాకు అదే తొలి మెట్టు.

రక్తంలో లోటును పూడ్చవచ్చునంటే, రక్తంలోని మిగులును తీసివేయడం కూడా సాధ్యం కావాలి కదా! ఈ రెండవ ప్రశ్నకు జవాబు దొరకడానికి ఇంచుమించు మరో శతాబ్దం పట్టింది. 1913లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జాన్ ఏబెల్, ఆయన సహచరులు ఒక జంతువు రక్తాన్ని సన్నని పొరతో చేసిన గొట్టాలగుండా ప్రవహింపజేసి తిరిగి దాని దేహంలోనికి పంపారు. ఆ ప్రయోగాల్లో వారు వడగట్టి చూపినది సాలిసిలేట్ అనే మందునే కావడం గమనార్హం. 1943లో, జర్మను ఆక్రమణలో ఉన్న హాలండులో విలెం కోల్ఫ్ అనే వైద్యుడు సాసేజి తొడుగులకు వాడే సెలొఫేన్ గొట్టంతో మానవులకు పనికివచ్చే యంత్రాన్ని నిర్మించాడు. ఆ యంత్రం వల్ల తొలి రోగి బతికి బయటపడినది 1945లో.

నేటి డయాలిసిస్ యంత్రం దాని సంతతే. మెడలోనో గజ్జలోనో ఉన్న పెద్ద సిరలోనికి రెండు దారులున్న గొట్టాన్ని జొనుపుతారు. ఒక దారిన రక్తం నిమిషానికి రెండు మూడు వందల మిల్లీలీటర్ల వంతున బయటికి వస్తుంది. వెంట్రుకలవంటి వేలాది సన్నని గొట్టాలగుండా సాగి, రెండో దారిన తిరిగి దేహాన్ని చేరుతుంది. ఆ సన్నని గొట్టాల గోడలే జల్లెడ. గోడకు ఆవలి వైపున శుద్ధద్రవం ప్రవహిస్తుంటుంది. రక్తంలో ఎక్కువై ఉన్న చిన్న అణువులు జల్లెడ కన్నాలగుండా ఆవలికి పోతాయి. రక్తకణాలు, పెద్ద ప్రోటీనులు మాత్రం కన్నాలలో పట్టక ఈవలనే నిలిచిపోతాయి.

రెండో పద్ధతిలో జల్లెడకు బదులు బొగ్గు ఉంటుంది. ఇది పొయ్యిలోని బొగ్గు కాదు. కొబ్బరిచిప్పల వంటి వాటిని కాల్చి, ప్రత్యేకంగా శుద్ధిచేసి, లెక్కకందనన్ని సూక్ష్మరంధ్రాలు ఏర్పడేలా తయారుచేసినది. 1960ల నడుమ ఏథెన్సు నగరంలో యాట్జిడిస్ అనే వైద్యుడు బార్బిట్యురేట్ విషం ఎక్కిన రోగుల రక్తాన్ని బొగ్గు నింపిన గొట్టంగుండా నడిపించాడు. మందును బొగ్గు పీల్చుకున్నది. కాని రక్తపు బిళ్లకణాలు కూడా దెబ్బతిన్నాయి. బొగ్గు నలుసులు రక్తంలో కలిసే ప్రమాదమూ కనిపించింది. కెనడాలో థామస్ చాంగ్ బొగ్గు రేణువులకు పలుచని పూత పూసి ఈ చిక్కును చాలావరకు తీర్చాడు.

బండెక్కిన మందు, కాలినడకన పోయే మందు

ఇక అసలు విషయం. రక్తప్రవాహాన్ని ఒక రాజమార్గం అనుకుందాం. ఆ మార్గం మీద అల్బుమిన్ అనే ప్రోటీను పెద్ద బండివలె తిరుగుతూ ఉంటుంది. అనేక మందులు ఆ బండ్లెక్కి ప్రయాణం చేస్తాయి. కొన్ని మాత్రం కాలినడకన పోతాయి. డయాలిసిస్ అనే జల్లెడ ద్వారంలో పాదచారి పడతాడు. బండి పట్టదు. వాల్‌ప్రోయేట్ అణుభారం 144 మాత్రమే. అల్బుమిన్‌ది దాదాపు 66 వేలు. ఇక బొగ్గుకు ఉన్న ప్రత్యేకత ఏమంటే, అది బండిలో కూర్చున్నవాణ్ణి సైతం కిందికి లాగగలదు.

అంతేకాదు. రాజమార్గం వదిలి సందుగొందుల్లోనికి, ఇళ్లలోనికి దూరిపోయిన మనిషిని మార్గంలో కాపు కాసేవాడు పట్టుకోలేడు. దేహంలోని కొవ్వులోనికీ కండలోనికీ ఇంకిపోయే మందులను ఏ యంత్రమూ త్వరగా తీయలేదు. అదృష్టవశాత్తు మూర్ఛమందుల్లో ముఖ్యమైనవి అంతగా దాగేవి కావు.

వాల్‌ప్రోయేట్ సాధారణ మోతాదులో పదింట తొమ్మిది పాళ్లు బండ్ల మీదనే ఉంటుంది. ఆ లెక్కన డయాలిసిస్ నిష్ప్రయోజనం కావాలి. కాని మోతాదు మితిమీరినప్పుడు బండ్లన్నీ నిండిపోతాయి. ఎక్కడానికి చోటు లేని మందు కాలినడకన వీధిన పడుతుంది. విషమైన ఆ మిగులే జల్లెడకు దొరికే భాగం! పైగా ఈ విషంలో రక్తంలో పెరిగి మెదడును దెబ్బతీసే అమ్మోనియా కూడా ఆ జల్లెడలోనే పోతుంది. విషచికిత్సలో రక్తశుద్ధి గురించి అధ్యయనం చేసే ‘ఎక్స్‌ట్రిప్’ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం 2015లో తన సిఫారసులు ప్రకటించింది. రక్తంలో వాల్‌ప్రోయేట్ లీటరుకు 1300 మిల్లీగ్రాములు దాటినా, మెదడు వాచినా, రక్తపుపోటు కుప్పకూలినా డయాలిసిస్ చేయవలసిందేనని అది పేర్కొన్నది.

ఫినోబార్బిటాల్ బండెక్కేది సగం కంటే మించదు. అయితే అది మహా నిదానస్థురాలు. దేహం తనంతట తాను అందులో సగాన్ని వదిలించుకోవడానికే నాలుగు రోజుల దాకా పడుతుంది. అన్నాళ్లూ రోగి శ్వాసయంత్రం మీద పడి ఉంటే ఊపిరితిత్తుల్లో చీము పట్టడం వంటి వేరే ప్రమాదాలు కాచుకొని ఉంటాయి. యంత్రం ఆ రోజులను గంటలకు కుదిస్తుంది.

కార్బమజెపైన్ కపటి. నాలుగింట మూడు పాళ్లు బండెక్కే మందు ఇది. పేగుల కదలికను మందగింపజేసి, తాను మెల్లమెల్లగా కరుగుతుంది. మొదటిరోజు తేరుకున్నట్లు కనిపించిన రోగి రెండోరోజు మళ్లీ మైకంలోనికి జారవచ్చును. ఇంకా విచిత్రం, ఈడ్పులను ఆపవలసిన ఈ మందే మితిమీరితే ఈడ్పులను పుట్టిస్తుంది. గుండె లయనూ చెదరగొడుతుంది. ఒకప్పుడు దీనికి బొగ్గు గొట్టమే శరణ్యమనేవారు. నేటి పొరలు మునుపటికంటె ఎంతో సమర్థమైనవి కనుక, డయాలిసిస్ కూడా ఇంచుమించు అంత పనీ చేస్తున్నది. రక్తపు బిళ్లకణాలను పోగొట్టదు, కొద్ది గంటల్లోనే నిండిపోయి పనిచేయకుండా పోదు. కనుకనే నిపుణులు నేడు దానినే మొదట ఎంచుకొంటున్నారు.

ఫెనిటోయిన్ మనిషిని రోజుల తరబడి తూలిస్తుంది, కళ్లు తిప్పిస్తుంది, మాట తడబడజేస్తుంది. నోటి ద్వారా ఎక్కువైనప్పుడు ప్రాణం తీయడం మాత్రం అరుదు. అందుచేత చాలామందికి పడకపక్క జాగ్రత్తే చాలు. దీర్ఘకాలం స్పృహ రాని పరిస్థితి వంటి తీవ్రమైన సందర్భాల్లోనే రక్తశుద్ధిని పరిశీలిస్తారు. కొత్తగా వచ్చిన లెవెటిరాసెటం, గాబాపెంటిన్ వంటివి బండెక్కడం దాదాపు లేనే లేదు. మూత్రపిండాలగుండా పోయేవి కనుక, అవి చెడిన రోగిలోనే ఇవి ఎక్కువగా పేరుకొంటాయి. వాటిని డయాలిసిస్ సునాయాసంగా తీసివేస్తుంది.

యంత్రం చేయలేనిది

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక అవసరం. మందు మితిమీరిన ప్రతి రోగికీ యంత్రం అక్కరలేదు. 1940ల చివర కోపెన్‌హేగన్ వైద్యులు బార్బిట్యురేట్ విషానికి వేరొక మార్గం తొక్కారు. ఉత్తేజకాలు పొడవడం మానివేశారు. శ్వాసదారి మూసుకుపోకుండా చూడటం, రక్తపుపోటు నిలబెట్టడం, రోగిని పక్కలు మార్చి పడుకోబెట్టడం మీదనే దృష్టి నిలిపారు. అంతకుముందు నూటికి ఇరవై వరకు ఉన్న మరణాలు ఒకటి రెండుకు దిగివచ్చాయి. నేటికీ మొదటి చికిత్స అదే. గొట్టం గుచ్చినచోట రక్తం కారవచ్చును. రక్తపుపోటు పడిపోవచ్చును. యంత్రం ఆపిన కొద్ది గంటలకు కండరాల్లో దాగిన మందు మళ్లీ రక్తంలోనికి వచ్చి మట్టం పెరగవచ్చును. వీటన్నిటినీ తూచి చూచిన తరువాతనే వైద్యులు యంత్రాన్ని కదుపుతారు.

ఫినోబార్బిటాల్‌కు, కార్బమజెపైన్‌కు అంతకంటె సులభమైన సాధనం మరొకటి ఉన్నది. అదే బొగ్గును నీటిలో కలిపి, కొన్ని గంటలకొకసారి పొట్టలోనికి పంపడం. రక్తంలోని మందు పేగు గోడగుండా తిరిగి పేగులోనికి ఊరుతుంది. అక్కడ బొగ్గు దానిని పట్టుకొని బయటికి తీసుకొనిపోతుంది. అంటే మన పేగే డయాలిసిస్ పొరగా మారుతుందన్నమాట! అయితే స్పృహ లేని మనిషికి ఇది ఊపిరితిత్తుల్లోనికి పోతే ప్రాణాపాయం. శ్వాసదారికి రక్షణ కల్పించిన తరువాత ఆసుపత్రిలో చేయవలసిన పని ఇది. మన ఇళ్లలో ఆనవాయితీగా ఉన్న ఉప్పునీళ్లు తాగించి కక్కించడం ఆ రీత్యానే ప్రమాదకరం. అది రక్తంలో ఉప్పును విషస్థాయికి పెంచి ప్రాణం తీసిన సందర్భాలూ ఉన్నాయి. మత్తులో ఉన్న మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట ఏమీ పోయకుండా, వెంటనే బయలుదేరడమే ఇంటివారు చేయగల ఉత్తమ వైద్యం.

రోగి కంటె ముందు చేరవలసినది

ఇప్పుడు ఆ అన్నగారి వద్దకు మరలుదాం. తమ్ముడు మింగినది ఏ మాత్రో ఆయనకు నిజంగా తెలియకపోవచ్చును. తెలిసీ చెప్పకపోవడానికీ కారణాలుంటాయి. పరువు పోతుందన్న శంక ఒకటి, పోలీసు కేసవుతుందన్న భయం ఒకటి. ఖాళీ అట్టలను ఎవరో ఒకరు ఆదుర్దాలో పారవేస్తారు. కొందరు పెద్దాసుపత్రికి పోకుండా తెల్లవారేదాకా ఇంట్లోనే ఉంచుతారు.

ఆ భయానికి ఆధారం నేడు లేదు. 2017నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షను, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించాలని, వేరుగా రుజువైతే తప్ప శిక్షించరాదని నిర్దేశించింది. ఆ మనిషికి సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. ఆసుపత్రి కాగితాలు నింపుతుంది, నిజమే. కాని అవి నేరస్థుని కాగితాలు కావు.

డయాలిసిస్ యంత్రం ఒకనాడు మహానగరాల సొత్తు. 2016లో కేంద్రప్రభుత్వం జాతీయ డయాలిసిస్ కార్యక్రమాన్ని ప్రకటించిన పిమ్మట జిల్లా ఆసుపత్రులకు సైతం చేరుతూ వచ్చింది. మూత్రపిండాలు చెడినవారికి వాడే ఆ యంత్రమే విషం ఎక్కినవారికీ పనికివస్తుంది. వైద్యులకు సందేహం కలిగితే సలహా చెప్పడానికి ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1995 నుంచి జాతీయ విష సమాచార కేంద్రం పనిచేస్తున్నది. యంత్రమున్నది, విద్య ఉన్నది. తరచుగా లేనివి రెండే: కాలం, మాత్ర పేరు.

గంజాయి చుక్కల్లో మందుకూ విషానికీ నడుమ ఉన్న గీతను కొలిచిన ఓషానెస్సీ, 1839లోనే కలకత్తా పరిసరాల్లో తంతితీగల మీద ప్రయోగాలు చేశాడు. 1851లో ఆయన ఆధ్వర్యాన నగరానికీ డైమండ్ హార్బరుకూ నడుమ తంతి మార్గం ఏర్పడింది. ఓడ రేవు చేరకమునుపే దాని వార్త నగరాన్ని చేరసాగింది. నేడు ఆ పనికి ప్రతివారి జేబులోనూ ఒక ఫోను ఉన్నది. గోసాబాలో పడవ ఎక్కేముందు ఆ అన్నగారు దిండు కింద చేయి పెట్టి, ఖాళీ అట్టను బయటికి తీసి, దాని మీది పేరును ఆసుపత్రికి ఫోనులో చదివి వినిపించి, ఆ అట్టను జేబులో వేసుకొని బయలుదేరితే చాలును. ఆయన ఏరు దాటేలోగా ఆవల డాక్టరుగారు బొగ్గు కలపాలో, యంత్రాన్ని సిద్ధం చేయాలో, పడకపక్క కూర్చుంటే సరిపోతుందో నిర్ణయించగలరు.

మనస్సు కుంగిన రాత్రి మాత్రల వైపు చేయి చాచేముందు కూడా ఆ ఫోనే పనికివస్తుంది. 2022 అక్టోబరులో ప్రారంభమైన ‘టెలీ మానస్’ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్లు మాట్లాడవచ్చును. తెలుగులోనూ జవాబిస్తారు. రక్తాన్ని వడగట్టే అవసరమే రాకుండా చూసే సాధనం అది.